కమాను లాగేది వేళ్ళు కావు, వీపు

ఆత్మకూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి హైదరాబాదులో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ‘చెల్లో’ అనే పాశ్చాత్య వాయిద్యం నేర్చుకుంటోందట. అద్దెకు తెచ్చుకున్న ఆ వాయిద్యంతో సహా సెలవులకి ఇంటికొచ్చింది. రోజూ సాధన చేస్తోంది. కానీ గంటసేపు వాయించిందంటే చాలు, కుడిభుజం పట్టేస్తోందట. మెడ పక్కకి తిప్పలేకపోతోందట. నాన్నగారు చూసి చూసి, సెలవులయ్యాక వాయిద్యం తిరిగి ఇచ్చెయ్యమన్నారు. పిల్ల మాత్రం నొప్పి దాచుకుని వాయిస్తోంది. ఆపించాలా, ఓర్చుకోమని చెప్పాలా అని ఆ తల్లి అడుగుతున్నారు. సంగీతం ముక్క తెలియని తను ఇందులో ఏం చెప్పగలనని కూడా బాధపడ్డారు.

సోదరీ, ఆపించనూ వద్దు, ఓర్చుకోమననూ వద్దు. ఆ నొప్పి పిల్లకి చేతకాదని చెప్పడం లేదు. కదలికలో ఎక్కడో సరిచేసుకోవలసింది ఉందని చెబుతోంది. దాన్ని కనిపెట్టడానికి సంగీతం రానక్కర్లేదు. తెల్లారి లేచింది మొదలు ఒళ్ళు వంచి పని చేసే మీ కంటికే అది ముందు కనబడుతుంది. ఎలాగో ఈ వారం చూద్దాం. వీణ, వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలున్న తల్లులకీ ఇది పనికొస్తుంది.

చెల్లో అంటే

వయొలిన్‌కి పెద్దక్క అనుకోండి. నిలబెడితే నాలుగడుగుల ఎత్తు. కుర్చీలో కూర్చుని, దాన్ని మోకాళ్ళ మధ్య నిలిపి, పైభాగం గుండెకి ఆనించుకుని వాయిస్తారు. అడుగున ఉక్కు మొన ఒకటి నేలకి ఆని బరువు మోస్తుంది. నాలుగు తీగలు. కుడిచేత్తో కమాను అడ్డంగా లాగుతారు, ఎడమచేతి వేళ్ళతో తీగల మీద స్వరాలు పట్టుకుంటారు. మగగొంతుకి దగ్గరగా, గంభీరంగా పలుకుతుంది. సినిమాల్లో విషాదఘట్టం రాగానే వయొలిన్ల కింద మూలుగుతున్నట్టు వినిపించేది చాలాసార్లు ఇదే.

మన దేశంలో దీన్ని హిందుస్తానీ సంగీతానికి అమర్చుకున్నవారూ ఉన్నారు. హాలెండు నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డ సాస్కియా రావు డి హాస్ అనే ఆవిడ, మనవాళ్ళలాగా కింద కూర్చుని వాయించడానికి వీలుగా చెల్లోని చిన్నదిగా చేయించుకున్నారు. ఒంటిని వాయిద్యానికి తగ్గట్టు మెలిపెట్టుకోలేదు, వాయిద్యాన్నే ఒంటికి తగ్గట్టు మార్చుకున్నారు. మీ అమ్మాయి విషయంలోనూ ఈ సూత్రం గుర్తుంచుకోండి.

ఆడవాళ్ళు పక్కకి తిరిగి కూర్చున్న రోజులు

వందేళ్ళ కిందటి దాకా యూరపులో ఆడవాళ్ళు చెల్లోని మోకాళ్ళ మధ్య పెట్టుకోవడం మర్యాద కాదనేవారు. అందుకని రెండు కాళ్ళూ ఒక పక్కకి పెట్టి, గుర్రమెక్కిన దొరసానిలాగా నడుము మెలితిప్పి వాయించమనేవారు. అలా కూర్చుని ఓ పావుగంట కూరలు తరిగి చూడండి, వీపు ఏమంటుందో తెలుస్తుంది. పోర్చుగల్ దేశపు గిల్యెర్మినా సుజియా (1885-1950) లాంటి కళాకారిణులు ఆ పద్ధతిని పక్కన పెట్టి, మగవాళ్ళలాగే నిటారుగా కూర్చుని వాయించి పేరు తెచ్చుకున్నారు. ఎర్రటి గౌనులో చెల్లో వాయిస్తున్న ఆవిడ చిత్రాన్ని అగస్టస్ జాన్ 1923లో పూర్తి చేశాడు. అది లండన్‌లోని టేట్ చిత్రశాలది.

మగవాళ్ళకీ తిప్పలు తప్పలేదు. స్పెయిన్‌కి చెందిన పాబ్లో కసాల్స్ (1876-1973) చిన్నతనంలో, కుడి చంకలో పుస్తకం పెట్టుకుని అది జారిపోకుండా కమాను లాగమని నేర్పేవారట. మోచెయ్యి ఒంటికి అంటుకునే ఉండాలని నియమం. ఆ కుర్రవాడికి ఇది అర్థం లేని పని అనిపించింది. చంక విప్పి, చెయ్యి మొత్తాన్ని స్వేచ్ఛగా కదిలించి వాయించాడు. ఎడమచేతి వేళ్ళ కదలికలోనూ బిగువు తగ్గించాడు. ఆ తర్వాత లోకమంతా ఆయన దారినే నడిచింది. తొంభై దాటాక కూడా ఆయన వాయించారు.

మన దగ్గర చూడండి. విజయవాడ వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారు 1926లో పుట్టారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. తొంభై ఏళ్ళు దాటినా వయొలిన్ వదలలేదు. ఒళ్ళు బిగబట్టి వాయించేవాళ్ళకి వాయిద్యం అంతకాలం తోడుండదు.

1952లో జరిగిన రెండు సంగతులు

యెహుదీ మెనూహిన్ పేరు వినే ఉంటారు. 1916లో పుట్టిన ఈ అమెరికా వయొలిన్ విద్వాంసుడు పసితనంలోనే కచేరీలు చేసి అబ్బురపరిచాడు. ఎలా వాయిస్తున్నాడో తనకే తెలియకుండా చేతికి వచ్చేసింది. పెద్దయ్యాక ఆ సుళువు చెయ్యి జారింది. కమాను వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం మొదలైంది. తెలియకుండా వచ్చినదాన్ని ఇప్పుడు తెలిసి నేర్చుకోవలసి వచ్చింది.

1952లో ఆయన మన దేశం వచ్చారు. మద్రాసులో జస్టిస్ రాజమన్నార్‌గారింట్లో మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని ముగ్ధుడయ్యారు. 1893లో పుట్టి, విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా, ప్రిన్సిపాలుగా పనిచేసిన నాయుడుగారిని తెలుగువాళ్ళకి పరిచయం చెయ్యనక్కర్లేదు. మన పద్ధతిలో వయొలిన్ పట్టుకోవడం ఎలాగో గమనించారా? కింద బాసింపట్టు వేసుకుని, వాయిద్యం ఒక కొసని ఎదకీ భుజానికీ ఆనించి, రెండో కొసని కుడిపాదం మీద నిలుపుతారు. బరువంతా ఒళ్ళూ పాదమూ మోస్తాయి. ఎడమచెయ్యి ఏమీ మొయ్యదు. అందుకే తీగ మీద గమకాలు అంత ఒయ్యారంగా జారతాయి. పాశ్చాత్య పద్ధతిలో గడ్డం కింద నొక్కిపట్టి నిలబడి వాయించే మనిషికి అది వింతగానే తోచి ఉంటుంది.

అదే ఏడు మెనూహిన్ బొంబాయిలో యోగాచార్యులు బి.కె.ఎస్. అయ్యంగార్‌ని కలుసుకున్నారు. అలసిపోయి ఉన్నాను, ఐదు నిమిషాలే ఇవ్వగలనన్నారట. అయ్యంగార్ పడుకోబెట్టి ఒళ్ళు వదులు చేయించేసరికి, గంట గడిచింది కూడా ఆయనకి తెలియలేదట. భుజాలు ఎలా వదలాలో, ఊపిరి ఎలా సాగాలో ఆసనాల్లో నేర్చుకుని ఆయన వయొలిన్‌కి తెచ్చుకున్నారు. 1954లో అయ్యంగార్‌కి ఒక గడియారం బహూకరించి, తనకు దొరికిన వయొలిన్ గురువుల్లో అత్యుత్తముడని దాని మీద చెక్కించారు. అయ్యంగార్‌గారికి వయొలిన్ రాదు, ఒళ్ళు కదలడం తెలుసు. సంగీతం రాని నేనేం చెప్పగలనని రాశారు కదా, అందుకే ఈ కథ చెప్పాను.

ఒంటి పటం తప్పైతే

1970ల్లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం కోనబుల్ అనే చెల్లో ఆచార్యుడు ఒక సంగతి గమనించాడు. ఒళ్ళు నిజంగా ఎలా అమరి ఉందో దాన్నిబట్టి విద్యార్థులు కదలడం లేదు. ఎలా ఉందని వాళ్ళు అనుకుంటున్నారో దాన్నిబట్టి కదులుతున్నారు. మనసులో ఉన్న ఆ పటం తప్పైతే కదలిక తప్పుతుంది. పటం సరిచేస్తే, ఇంకేమీ చెప్పకపోయినా చెయ్యి సుళువవుతుంది. ‘బాడీ మ్యాపింగ్’ అని ఈ పద్ధతి పేరుపడింది.

మీరూ అమ్మాయీ కలిసి ఈ నాలుగూ చేసి చూడండి. వంటింట్లోనే చెయ్యచ్చు.

ఒకటి, చెయ్యి ఎక్కడ మొదలవుతుంది? భుజం దగ్గర అంటాం. ఎడమచేతి వేళ్ళు గొంతు గుంట పక్కన, కాలర్ బోన్ మొదట్లో ఆనించండి. ఇప్పుడు అటకమీది డబ్బా అందుకుంటున్నట్టు కుడిచెయ్యి పైకెత్తండి. వేళ్ళ కింద ఎముక కదిలిందా? చెయ్యి మొండేనికి ఎముకతో కలిసేది అక్కడే, ఆ ఒక్కచోటే. వెనకవైపు రెక్క ఎముక వీపు మీద జారుతూ ఉంటుంది. అంటే చెయ్యి గొంతు గుంట దగ్గర మొదలై వీపు మీదుగా వస్తుందన్నమాట. భుజం దగ్గరే మొదలనుకునేవాళ్ళు భుజాన్ని బిగించేసి, మోచెయ్యి, మణికట్టుతోనే కమాను లాగుతారు. మీ అమ్మాయి నొప్పికి మొదట అనుమానించవలసింది ఇదే.

రెండు, ముంజేయి. చెయ్యి బల్ల మీద అరచెయ్యి పైకి ఉండేలా పెట్టండి. ఇప్పుడు మెల్లగా బోర్లించండి. చిటికెనవేలి వైపు ఎముక ఉన్నచోటే ఉండి, బొటనవేలి వైపు ఎముక దాని మీదుగా తిరగడం తెలుస్తుంది. హార్లిక్స్ సీసా మూత విప్పేటప్పుడు జరిగేదీ ఇదే. కమాను కొస తేలికగా ఉంటుంది కనుక, అక్కడికి వచ్చేసరికి ముంజేతిని ఇలా కొంచెం లోపలికి తిప్పితేనే నాదం నిలుస్తుంది. ఆ తిప్పడం మణికట్టులో ఉందనుకుంటే మణికట్టు పట్టేస్తుంది.

మూడు, నడుము ఎక్కడ వంగుతుంది? నిలబడి ఒక మోకాలు పైకెత్తండి. తొడ మొదట్లో మడత పడ్డచోట వేలు పెట్టండి. తొంటి కీలు అక్కడ, లోపల ఉంది. చీర కుచ్చిళ్ళు దోపుకునే చోటు కంటే బాగా కింద. చీపురుతో ఊడ్చేటప్పుడు కుచ్చిళ్ళ దగ్గర వంగితే సాయంత్రానికి నడుం పడిపోతుంది, తొంటి దగ్గర వంగితే వీపు చాపినట్టు నిలుస్తుంది. చెల్లో మీదికి ముందుకి వాలేటప్పుడూ అంతే.

నాలుగు, తల. తల మెడ మీద ఆడేది గడ్డం కింద కాదు, రెండు చెవుల నడుమ అంత ఎత్తున. ‘ఊఁ’ అన్నట్టు చిన్నగా తలూపి చూస్తే తెలుస్తుంది. చెల్లో మెడ, బిరడలు ఎడమచెవి వెనకాలగా వెళ్తాయి. వేళ్ళు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడానికి పిల్లలు మెడ సాచి వంచుతారు. మెడనొప్పి మొదలయ్యేది అక్కడే.

జొన్నరొట్టె దగ్గర నేర్చుకోవలసింది

పాలమూరు ఇళ్ళలో జొన్నరొట్టె తట్టని చెయ్యి ఉండదు. రొట్టె తట్టేటప్పుడు మీరు పిండిని నొక్కుతారా? నొక్కితే అంటుకుపోతుంది, పగిలిపోతుంది. చెయ్యి వదులుగా పడుతుంది, లేస్తుంది. బరువుకి రొట్టె తనే సాగుతుంది. మనిషి చెయ్యి ఒంటి బరువులో సుమారు ఇరవయ్యో వంతు. యాభై కిలోల మనిషికి ఒక్కో చెయ్యి రెండున్నర కిలోలు. కమాను బరువేమో ఎనభై గ్రాములు! రెండున్నర కిలోలు ఊరికే దొరుకుతుంటే, వేళ్ళతో నొక్కడం దేనికి? చెయ్యిని తీగ మీద ‘వాలనిస్తే’ చాలు. భుజం ఎత్తిపట్టుకుంటే ఆ బరువు తీగ దాకా రాదు. అప్పుడు నాదం పీలగా వస్తుంది. పీలగా ఉందని పిల్ల వేళ్ళతో నొక్కుతుంది. నొక్కగానే తీగ కీచుమంటుంది, భుజం ఇంకా బిగుస్తుంది. చాలామంది కొత్తవాళ్ళు ఈ సుడిలోనే తిరుగుతుంటారు.

చల్ల చిలికిన పెద్దవాళ్ళని గుర్తు తెచ్చుకోండి. మణికట్లతో తాడు లాగేవాళ్ళు ఐదు నిమిషాలకే అలిసిపోయేవారు. అలవాటున్నవాళ్ళు తొంటి దగ్గర నుంచి మెల్లగా ఊగుతుంటే చేతులు ఆ ఊపుకి వెంట వచ్చేవి. కమాను కూడా అంతే. కదలిక వీపులో పుడుతుంది, పైచేతికి వస్తుంది, మోచెయ్యి విచ్చుకుంటుంది, మణికట్టు, వేళ్ళు చివరికి వెంట వస్తాయి. కమాను దిశ మార్చేచోట మరీను. గోడకి సున్నం వేసే కుంచెని చూడండి. చెయ్యి పైకి వెళ్తుంటే కుచ్చు కిందికి వాలుతుంది, చెయ్యి కిందికి వస్తుంటే కుచ్చు పైకి వాలుతుంది. చెయ్యి ముందు, కుచ్చు వెనక. కమాను పట్టిన వేళ్ళు ఆ కుచ్చులాగా ఉండాలి. అప్పుడు దిశ మారినా నాదం తెగదు.

ఎడమచేతి సంగతికి వస్తే, బొటనవేలితో వాయిద్యం మెడని గట్టిగా పిసకడం చాలామందికి అలవాటు. అది బిందెని ఇరికించి పట్టుకోవడం కాదు. పట్టాలి గానీ పిసకకూడదు. పైస్వరానికి చెయ్యి జరగవలసి వచ్చినప్పుడు వేలు సాచకుండా, మోచెయ్యితో సహా చేతిని మొత్తంగా తీసుకుపోవాలి.

మీ ఊరి చుట్టుపక్కలే దీనికి బడి ఉంది. అమరచింతలోనో, కృష్ణ దాటి గద్వాలలోనో మగ్గం నడుస్తున్న ఇంటికి అమ్మాయిని ఒకసారి తీసుకెళ్ళండి. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు పోగుని ఒంటి పోగుతో మెలివేసి కలుపుతూ నెయ్యాలి. గుంట మగ్గం ముందు కూర్చున్న మనిషి కాళ్ళు కింద కర్రలు తొక్కుతుంటే, చేతులు పైన నాడెలు నడుపుతుంటాయి. నాలుగూ నాలుగు పనులు చేస్తున్నా లయ ఒకటే. కాళ్ళకీ పిరుదులకీ ఆనిక ఉంటేనే చేతులు అంత తేలికగా ఆడతాయి. రోజంతా వంగి కూర్చుంటే నేతగాళ్ళకీ నడుంనొప్పి వస్తుంది, అదీ అడిగి తెలుసుకోమనండి. లయతో పాటు విశ్రాంతి విలువ కూడా వాళ్ళకే తెలుసు.

ఈ సెలవుల్లో చెయ్యవలసినవి

1. ముందు కుర్చీ చూడండి. ప్లాస్టిక్ కుర్చీ, మంచం అంచు, సోఫా వద్దు. గట్టి చెక్కకుర్చీ కావాలి. తొడలు మోకాళ్ళ వైపు కొంచెం వాలుగా ఉండేంత ఎత్తు ఉండాలి. పొట్టిదైతే దుప్పటి మడిచి వెయ్యండి. కుర్చీ ముందు సగంలోనే కూర్చోవాలి. పాదాలు రెండూ నేలకి ఆనాలి. వాయిస్తుండగా మీరు ‘లే’ అనగానే కిందా మీదా సర్దుకోకుండా లేచి నిలబడగలిగితే కూర్చున్న తీరు సరైనదన్నట్టు.

2. ఉక్కు మొన పొడుగు సరిచూసుకోమనండి. వాయిద్యం తనవైపు రావాలి గానీ, తను వాయిద్యం వైపు వంగకూడదు. నున్నటి బండల మీద మొన జారుతుంటే, జారకుండా కాళ్ళతో బిగించి పట్టుకుంటారు. కింద మందపాటి పాత తివాచీ ముక్క వేసి, దాని మీదే కుర్చీ ముందుకాళ్ళు పెట్టండి.

3. మొదటి పదినిమిషాలు కమాను పట్టుకోకముందే చేతులు ఊపడం, భుజాలు పైకెత్తి ఒక్కసారి వదిలెయ్యడం చెయ్యాలి.

4. ఇరవై నిమిషాలు వాయిస్తే, పదినిమిషాలు లేచి తిరగాలి. గంట ఏకధాటిగా వద్దు. గడియారం బాధ్యత మీరు తీసుకోండి. ఆ పదినిమిషాల్లో సెల్‌ఫోన్ మీద మెడ వంచి కూర్చుంటే విశ్రాంతి లెక్కలోకి రాదు.

5. కష్టమైన చోట ఊపిరి బిగబడుతోందేమో గమనించండి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనమూ బిగబడతాం. పెదవులు బిగుసుకున్నాయా, కుడిభుజం చెవి వైపు లేస్తోందా? అనిపిస్తే “తప్పు” అనకండి. మెల్లగా వెళ్ళి భుజం మీద చెయ్యి ఆనించండి చాలు. ఒక్కోసారి ఆ చెయ్యి తగిలేదాకా భుజం ఎత్తానని పిల్లకే తెలియదు.

6. గమనించినవి ఒక కాగితం మీద రాసి గురువుగారికి చూపించమనండి. వేళ్ళు ఎక్కడ పడాలి, కమాను ఎలా పట్టాలన్నది ఆయన చెప్పినట్టే. నొప్పి మాట మాత్రం దాచవద్దని గట్టిగా చెప్పండి. వాయిద్యం పరిమాణం పిల్ల ఒంటికి సరిపోయిందో లేదో కూడా ఆయన్నే చూడమనండి. చెల్లోల్లో చిన్న సైజులూ ఉన్నాయి.

ఒక హెచ్చరిక. వేళ్ళు తిమ్మిరెక్కడం, రాత్రి నొప్పితో మెలకువ రావడం, గ్లాసు పట్టుకుంటే చెయ్యి జారడం, వారంపాటు వాయించడం మానినా నొప్పి తగ్గకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఈ చిట్కాలతో కాలక్షేపం చెయ్యకండి. ఎముకల డాక్టరుకి చూపించి, అవసరమైతే ఫిజియోథెరపీ చేయించండి. జండూబామ్ రాసి మళ్ళీ వాయించమనడం మాత్రం అసలు వద్దు.

నాన్నగారికి ఏం చెప్పాలి?

ఆయన కోపం వాయిద్యం మీద కాదు, పిల్ల నొప్పి మీద. అది అర్థం చేసుకోవలసిందే. రెండు వారాలు గడువడగండి. ఆ రెండు వారాలూ సాధన తగ్గించి, పైన చెప్పినవి పాటించి, రోజూ సాయంత్రం నొప్పి ఎంత ఉందో క్యాలెండర్‌లో పాలచీటీ పక్కన రాయండి. నొప్పి తగ్గుముఖం పడితే ఆయనే ఒప్పుకుంటారు. పెరుగుతుంటే మీరే ఆపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పుడది ఓటమి కాదు, ఒంటి మాట విన్నట్టు.

నొప్పి ఓర్చుకోవడం ఆడపిల్లకి మనం చిన్నప్పటి నుంచీ నేర్పే మొదటి పాఠం. పొయ్యి దగ్గర నడుం లాగినా, బావి దగ్గర భుజం పట్టినా ‘ఏం కాదులే’ అనుకుంటూ వచ్చాం. పిల్లలు కూడా మనల్ని చూసే నొప్పి దాచడం నేర్చుకుంటారు. ఈ సెలవుల్లో పిల్ల భుజం సంగతి చూస్తూ చూస్తూ మీ భుజం సంగతీ చూసుకోండి. గొంతు గుంట పక్కన వేళ్ళు పెట్టి, అటకమీది డబ్బా కోసం చెయ్యెత్తి చూడండి. ఇన్నేళ్ళుగా మీ చెయ్యి ఎక్కడ మొదలవుతోందో మీకే కొత్తగా తెలుస్తుంది.

వచ్చే ఉత్తరంలో కుర్చీ ఎత్తు ఎంతుందో, అమ్మాయి ఎత్తు ఎంతో, నొప్పి ఏ పూట ఎక్కువో తప్పక రాయండి.